గురువారం షిఫ్టు

తుఫాను దాటిపోయిన మర్నాడు పొద్దున నాగాయలంక అవతలి ఆ పల్లెలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కొబ్బరి బోండాలు పంచుతున్నారు. రాత్రి గాలికి తోటలు తోటలే ఒరిగిపోయాయి. బోర్లలో ఉప్పునీళ్లు, కరెంటు లేదు, ట్యాంకర్ జాడ లేదు. తుఫాను షెల్టర్ మెట్ల మీద ఇద్దరు రైతులు కూర్చుని కత్తులతో బోండాలు చెక్కి జనానికి అందిస్తున్నారు. "ముందు జబ్బు మనుషులకివ్వండి, తర్వాతే మిగతావాళ్లకి" అని ఎవరో పెద్దాయన వాళ్లని అదిలిస్తున్నాడు.

ఎస్తేరు చేతికి కూడా ఒకటి వచ్చింది. నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

"తాగవే, చల్లారాలా ఏంటి?" అంది తల్లి మార్తమ్మ.

"రొయ్యల చెరువుల నాగేంద్రబాబు గారు షెల్టర్‌కి వచ్చారా అమ్మా?"

"ఆయనెందుకొస్తాడు? చెరువు గట్టు వదిలితేగా. రాత్రి మనిషిని పంపి బోండాలు పట్టించుకెళ్లాడంట."

ఎస్తేరు బోండాం కింద పెట్టేసింది. అవనిగడ్డలో ఒక కంపెనీ నడిపే డయాలసిస్ సెంటర్లో ఏడేళ్లు టెక్నీషియన్‌గా చేసింది ఆమె. కిడ్నీలు పనిచేయని మనిషికి కొబ్బరినీళ్లు ఏం చేస్తాయో ఆమెకి తెలుసు. అందులో పొటాషియం ఎక్కువ. మామూలు మనిషికి అది మూత్రంలో పోతుంది. డయాలసిస్ మీద బతికేవాళ్లకి రక్తంలోనే నిలిచిపోయి, ఒక హద్దు దాటాక గుండెని చెప్పాపెట్టకుండా ఆపేస్తుంది.

"నీకెందుకే ఇప్పుడు?" మార్తమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "సోమవారంతో ఆ ఉద్యోగం వదిలేశావు. ఎల్లుండి గుడివాడలో చేరాలి. రెండ్రోజులు ఒళ్లు వాల్చమంటే వినవు."

ఎస్తేరు చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగింది.

కరకట్ట ఎక్కితే ఫోన్లో ఒక్క గీత సిగ్నల్ కనిపించింది. విజయవాడలో ఉండే సెంటర్ మేనేజర్ కిరణ్ కుమార్‌కి నాలుగుసార్లు చేస్తే అయిదోసారి ఎత్తాడు.

"సార్, మంగళవారం బ్యాచ్‌కి డయాలసిస్ జరగలేదు. ఆఖరుసారి జరిగింది శుక్రవారం. ఇవాళ్టికి అయిదు రోజులు."

"తుఫాను కదండీ. మన చేతిలో ఏముంది?"

"కొత్త టెక్నీషియన్ వచ్చారా?"

"రోడ్లు తెరుచుకున్నాక వస్తాడు."

"అయితే తాళాలు నాకు ఇప్పించండి. ఆయన వచ్చేదాకా నేను చూస్తాను."

"మీరు రిలీవ్ అయిపోయారు కదా మేడం. డ్యూటీలో లేని మనిషి మిషను ముట్టుకున్నాక ఏమన్నా జరిగితే మీకూ కేసే, మాకూ కేసే. దయచేసి పేషెంట్లకి ఫోన్లు చేసి కంగారు పెట్టకండి." మళ్లీ తనే అడిగాడు. "ఇంతకీ మీరెక్కడున్నారు? దివిసీమలోనేనా?"

"నాగాయలంక దగ్గర, అమ్మ వాళ్లింట్లో."

"ఓహో" అన్నాడు. అవతల ఏదో రాసుకుంటున్నట్టు కాగితం చప్పుడైంది. "సరే. జాగ్రత్తండి."

చెరువుల దగ్గరికి చేరేసరికి తొమ్మిదైంది. నాలుగు చెరువుల్లో రెండింటికి గట్లు తెగి సముద్రంలో కలిసిపోయినట్టున్నాయి. మిగిలిన రెండింటిలో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. వాటిని తిప్పుతున్న జనరేటర్ పక్కన, రేకుల షెడ్డులో, నులకమంచం మీద నాగేంద్రబాబు కూర్చుని ఉన్నాడు. మొహం ఉబ్బి, కళ్ల కింద సంచులు వేలాడుతున్నాయి. మంచం కింద ఖాళీ బోండాలు పడి ఉన్నాయి.

"ఎన్ని తాగారు బాబాయ్ గారూ?"

"లెక్కెవరు పెట్టారు ఎస్తేరమ్మా? దాహం ఆగలేదు. మంచినీళ్లు లేవాయె."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి నాలుగుసార్లు కొట్టుకుని ఒకసారి తప్పుతోంది. మళ్లీ కొట్టుకుంటోంది.

"లేచి నిలబడండి."

ఆయన మంచం పట్టె పట్టుకుని లేవబోయి కూలబడ్డాడు. నవ్వే ప్రయత్నం చేశాడు. "పొద్దుట్నించీ కాళ్లు నావి కానట్టున్నాయి."

"బందరు వెళ్దాం. ఇప్పుడే. ట్రాక్టర్ తీయించండి."

"నేను కదిలితే డీజిల్ పోసేవాడు లేడమ్మా. చక్రాలు ఒక్క గంట ఆగితే ఈ రెండు చెరువులు కూడా పోతాయి. రేపెళ్తాలే."

ఎస్తేరు ఆయన ముందు గొంతుక్కూర్చుంది. "ఆక్సిజన్ అందనప్పుడు రొయ్య ఏం చేస్తుంది బాబాయ్ గారూ? ముందుగా ఏమన్నా చెప్తుందా?"

"ఏం చెప్తుంది? చివరిదాకా బానే తిరుగుద్ది. ఒక్కసారి తేలిపోద్ది" అన్నాడు అలవాటుగా. అని ఆమె మొహంలోకి చూశాడు. తన మణికట్టు వంక చూసుకున్నాడు. అవతలి గట్టు మీదున్న తోడల్లుడిని కేకేసి డీజిల్ క్యాన్లు చూపించాడు.

ట్రాక్టర్ వెనక ట్రక్కులో గడ్డి పరిచి ఆయన్ని పడుకోబెట్టారు. దారి పొడవునా చెట్లు, స్తంభాలు. పడిన చోటల్లా జనం రంపాలతో కోస్తున్నారు. కోసినంత మేర ట్రాక్టర్ కదులుతోంది. అవనిగడ్డ చేరేసరికి ఒంటిగంట దాటింది. మెయిన్‌రోడ్డు మీదున్న డయాలసిస్ సెంటర్‌కి తాళం వేసి ఉంది. షట్టర్ మీద గాలికి కొట్టుకొచ్చిన ఆకులు అతుక్కున్నాయి.

సెంటర్‌కి రెండు వీధుల అవతలే హైమావతి ఇల్లు. ఆమెది సోమవారం, గురువారం బ్యాచ్. నలభై ఎనిమిదేళ్ల మనిషి. గుండె బలం తక్కువ. ఒక్క గ్లాసు నీళ్లు ఎక్కువైనా రాత్రంతా కూర్చునే ఉండాలి. అందుకే తాగే నీళ్ల విషయంలో ఆమె లెక్క అందరికంటే కచ్చితం. ఎస్తేరు ట్రాక్టర్ ఆపించి లోపలికి వెళ్లేసరికి భర్త చిన్నారావు కుట్టుమిషను మీద పడిన వాననీళ్లు తుడుస్తున్నాడు. హైమావతి తూకం మిషను మీద నిలబడి ఉంది.

"కిలో రెండొందలు పెరిగానమ్మా. ఫర్వాలేదుగా?"

"కొబ్బరినీళ్లు తాగలేదుగా?"

"అయిదేళ్లుగా నువ్వు చెప్పే పాఠమేగా" అని నవ్వింది హైమావతి.

"ట్రాక్టర్లో బందరు వెళ్తున్నాం. మీరూ వచ్చేయండి."

హైమావతి బయటికొచ్చి ట్రక్కులోకి తొంగిచూసింది. పైన కప్పు లేదు. తుంపర పడుతోంది. గడ్డిలో నాగేంద్రబాబు కళ్లు మూసుకుని ఉన్నాడు. "ఆయనకి నిన్నే జరగాలి. నా వంతు రేపు కదా. అక్కడున్న బెడ్లకి ఇవాళ నేనూ ఒకదాన్ని అడ్డమెందుకు?"

ఎస్తేరు ఆలోచించింది. ఆ వానలో, ఆ కుదుపుల్లో నాలుగు గంటలు ఆ గుండె తట్టుకోవాలి. సోమవారం సాయంత్రం తన చేతుల మీదే డయాలసిస్ అయిన మనిషి. రేపటిదాకా ఆగగలదు. లోపల్నుంచి చిన్నారావు పాత దుప్పట్లు రెండు తెచ్చి నాగేంద్రబాబుకి కప్పాడు.

"సరే అయితే. రేపు మధ్యాహ్నంలోపు సెంటర్ తెరవకపోతే మాత్రం ఆటో మాట్లాడుకుని బందరు వచ్చేయండి. ఎదురుచూస్తూ కూర్చోవద్దు."

"నువ్వు చెప్తే అంతేనమ్మా" అంది హైమావతి.

చల్లపల్లి దాటాక నాగేంద్రబాబు పలకడం మానేశాడు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నాడు. ఎస్తేరు ఆయన మణికట్టు వదల్లేదు. నాడి తప్పినప్పుడల్లా తన ఊపిరి కూడా ఆపి, మళ్లీ కొట్టుకునేదాకా లెక్కపెట్టింది.

బందరు పెద్దాసుపత్రిలో అయిదు మిషన్లున్నాయి. టెక్నీషియన్ ఒక్కడే, హనోకు. సోమవారం సాయంత్రం డ్యూటీ ఎక్కినవాడు బుధవారం సాయంత్రానికి కూడా దిగలేదు. మిషన్ల మధ్య నిలబడే కునుకు తీస్తున్నాడు. వరండాలో బల్లల మీద, గచ్చు మీద పేషెంట్లు. డాక్టర్ రజని నాగేంద్రబాబు ఈసీజీ కాగితం చూస్తూనే కాల్షియం ఇంజెక్షన్ అడిగి, తనే సిరంజి అందుకుంది. అది ఎక్కిస్తూ, కళ్లు తిప్పకుండానే అడిగింది.

"ఈయన్ని తెచ్చిందెవరు?"

"నేనండీ. డయాలసిస్ టెక్నీషియన్‌ని."

"ఏ హాస్పిటల్? ఐడీ కార్డు?"

"ఇప్పుడెక్కడా లేనండీ. మొన్న రిలీవ్ అయ్యాను. శుక్రవారం గుడివాడలో చేరాలి."

రజని తలెత్తి చూసింది. బురద ఎండిపోయిన చీర అంచు, చెప్పుల్లేని కాళ్లు. తర్వాత హనోకు వంక చూసింది. అతను ట్యూబు క్లిప్పు పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించి గురి తప్పాడు.

"రిజిస్టర్లో మీ పేరు రాస్తాను. నా ఆర్డర్ మీద పనిచేస్తున్నట్టు. వెళ్లి చేతులు కడుక్కోండి."

నాగేంద్రబాబు రక్తం మిషనులోకి వెళ్లి తిరిగి రావడం మొదలైన గంటన్నరకి ఆయన కళ్లు తెరిచి, "ఏరియేటర్లు తిరుగుతున్నాయా?" అని అడిగాడు. హనోకు గోడకి ఒరిగి నవ్వాడు. నవ్వుతూనే నిద్రపోయాడు.

గురువారమంతా తెమల్లేదు. మామూలుగా నాలుగు గంటలుండే డయాలసిస్‌ని ఒక్కొక్కరికీ రెండు గంటలకి కుదించారు. ఒకరిని దించడం, మిషను కడగడం, కొత్త లైన్లు సెలైన్‌తో నింపి గాలి బుడగలు పోయేదాకా తట్టడం, ఇంకొకరిని ఎక్కించడం. పొద్దున్నే నాగేంద్రబాబు తన ట్రాక్టర్లో వెళ్లిపోయాడు. మధ్యాహ్నం దాటింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎస్తేరు హైమావతి కోసం చూసింది. చల్లపల్లి నుంచి ఇద్దరు వచ్చారు. ఘంటసాల నుంచి ఒకాయన వచ్చాడు. అవనిగడ్డ నుంచి ఎవరూ రాలేదు.

"రోడ్డు బానే ఉందా అండీ?" అని వచ్చినవాళ్లని అడిగింది.

"ఆటోలు తిరుగుతున్నాయమ్మా."

హైమావతికి ఫోన్ కలవలేదు. చిన్నారావుదీ కలవలేదు. రోడ్డు బాగుండి, రాలేదంటే, సెంటర్ తెరిచి ఉంటారు. అంతే అయ్యుంటుంది అనుకుంది. సాయంత్రందాకా అదే మాట పదిసార్లు అనుకుంది. పదోసారి అనుకునేసరికి దాని మీద నమ్మకం పోయింది.

శుక్రవారం పొద్దున ఏలూరు నుంచి ఇద్దరు టెక్నీషియన్లు వచ్చారు. "వెళ్లండక్కా. పదింటికి మీ జాయినింగ్ కదా" అన్నాడు హనోకు. బస్టాండులో గుడివాడ బస్సు బయల్దేరబోతోంది. పెడన, గుడివాడ అని కండక్టరు అరుస్తున్నాడు. ఎస్తేరు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి హైమావతికి ఇంకోసారి ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. వెనకాల ఎక్కాల్సినవాళ్లు విసుక్కుంటున్నారు. ఆమె కాలు దించేసి, పక్క ప్లాట్‌ఫారం మీదున్న అవనిగడ్డ బస్సు ఎక్కింది.

సెంటర్ షట్టర్ మూసే ఉంది. ముందు గచ్చు మీద ఇద్దరు పేషెంట్లున్నారు. సెల్‌ఫోన్ రిపేర్లు చేసే శ్రీకృష్ణ, ముప్ఫై ఏళ్లవాడు, మోకాళ్ల మీద చేతులాన్చి ముందుకి వంగి ఊపిరి లాగుతున్నాడు. టీచర్ రాధాకుమారి గోడకి ఒరిగి ఉంది. ఇద్దరూ గురువారం బ్యాచ్. వాళ్లతో వంగి మాట్లాడుతున్న చిన్నారావు చప్పుడికి తిరిగి చూశాడు.

"వచ్చారా అమ్మా" అన్నాడు.

"హైమావతి గారేరి?"

చిన్నారావు జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. పేషెంట్లందరికీ సెంటర్ నుంచి బుధవారం సాయంత్రం వచ్చిన మెసేజ్ అది. 'గురువారం షిఫ్టు యథావిధిగా జరుగును. టెక్నీషియన్ ఎస్తేరు గారు అందుబాటులో ఉన్నారు.'

"నిన్న పొద్దున ఎనిమిదింటికొచ్చి ఇక్కడే కూర్చున్నాం" అన్నాడు చిన్నారావు. గొంతు మామూలుగానే ఉంది. "మధ్యాహ్నం అయ్యేసరికి బందరు పోదామని నేను ఆటో కూడా మాట్లాడాను. తనే వద్దంది. 'ఎస్తేరమ్మ పేరుంది కదా, దార్లో ఉండుంటుంది. మనం అటు పోతే ఆ పిల్ల ఇటొచ్చి మనకోసం వెతుక్కుంటుంది' అంది. చీకటిపడ్డాక ఇంటికి తీసుకెళ్లాను. పొద్దున అయిదింటికి పోయింది."

ఎస్తేరు గచ్చు మీద కూర్చుండిపోయింది.

"మీరు రారనుకున్నాను. వీళ్లకా సంగతి చెప్పి బందరు పంపిద్దామని వచ్చాను. చెప్తుండగానే మీరొచ్చారు."

కూర్చునే తన ఫోన్లో కిరణ్ కుమార్ నంబరు నొక్కింది.

"అది రొటీన్ మెసేజండీ" అన్నాడు అతను. "పైనుంచి స్టాఫ్ లిస్టు అడిగారు. సెంటర్ మూసేశామంటే ఊరుకుంటారా? మీరు దివిసీమలోనే ఉన్నామన్నారని మీ పేరిచ్చాం."

"అయితే నిన్న నేను డ్యూటీలో ఉన్నట్టా, లేనట్టా?"

"ఇప్పుడా సంగతెందుకండీ?"

"చెప్పండి సార్. ఉన్నట్టా, లేనట్టా?"

ఫోన్ కట్టయింది. శ్రీకృష్ణకి దగ్గు వచ్చింది. అరచేతిలో గులాబీరంగు నురగ. ఎస్తేరు అది చూసి లేచింది. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోంది. వెంటనే డాక్టర్ రజనికి చేసింది.

"బందరు రావడానికి ఎంత పడుతుంది?" అంది రజని.

"గంటన్నరండీ. అంతసేపు ఆగలేడు."

"మిషన్లు పనిచేస్తాయా?"

"సోమవారం నా చేత్తోనే కడిగి పెట్టానండీ. కరెంటు ఇంకా రాలేదు, జనరేటర్లో డీజిల్ కూడా లేదు."

"అయితే మొదలుపెట్టండి. ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టే ఉంచండి. నన్ను ఫోన్లోనే ఉంచి బీపీ చెప్తుండండి. నా పేరు రాసుకోండి."

నాగేంద్రబాబుకి ఫోన్ చేస్తే, మాట పూర్తికాకముందే, "క్యాన్లు ఎక్కించుకుని వస్తున్నా" అన్నాడు. ఎస్తేరు పక్క షాపులో ఇనపరాడ్ తీసుకుంటే చిన్నారావు ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

"నేను పగలగొడతాను. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పండి. నాకింక ఎవరేం చేస్తారు?"

మూడు దెబ్బలకి తాళం ఊడింది. ఆయన రాడ్ గోడకి ఆనించి, భుజం మీద తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఇంటి వైపు నడిచాడు.

ఎస్తేరు ఆక్సిజన్ సిలిండర్ తెరిచి శ్రీకృష్ణ మొహానికి మాస్కు పెట్టింది. చెట్లు తీసేసిన రోడ్డు మీద అరగంటకల్లా ట్రాక్టర్ వచ్చింది. రెండు చెరువుల్లో ఒకదాని చక్రాలు ఆపేసి తెచ్చిన డీజిల్ అది. నాగేంద్రబాబే వంగి జనరేటర్లో పోశాడు. నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు బుస్సుమని మొదలైంది. ఎస్తేరు మొదటి నీళ్లు పారబోసి, క్లోరిన్ పరీక్ష చేసి, లైన్లు నింపింది. శ్రీకృష్ణ చేతికి సూది గుచ్చేటప్పుడు ఆమె ఫోన్ మోగింది. గుడివాడ నంబరు. పక్కన పెట్టిన శ్రీకృష్ణ ఫోన్ స్పీకర్లో రజని ప్రెషర్ ఎంతని అడుగుతోంది. ఎస్తేరు రజనికే జవాబు చెప్పింది. గుడివాడ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

రెండు గంటలు గడిచేసరికి శ్రీకృష్ణ వెనక్కి వాలి పడుకోగలిగాడు. నాలుగింటికి రాధాకుమారిది కూడా అయింది. అప్పుడు వచ్చాడు కిరణ్ కుమార్, ఒక చేత్తో కొత్త తాళం, ఇంకో చేత్తో ఫైలు.

"తాళం పగలగొట్టడం చిన్న కేసు కాదు మేడం" అన్నాడు మెల్లగా. "కానీ దారి ఉంది. మిమ్మల్ని మేమింకా రిలీవ్ చెయ్యలేదు, మంగళవారం నుంచీ డ్యూటీలోనే ఉన్నారని ఇందులో సంతకం పెట్టండి. ఈ రెండు డయాలసిస్‌లూ సక్రమం అవుతాయి. గుడివాడ ఉద్యోగం చేజారినా ఇక్కడి ఉద్యోగం మీకుంటుంది."

ఎస్తేరు కాగితం చదివింది. మంగళవారం నుంచి డ్యూటీలో ఉంటే గురువారం కూడా డ్యూటీలో ఉన్నట్టే. గురువారం సెంటర్ ముందు ఒక మనిషి పదిగంటలు కూర్చుంటే, రానిది ఎస్తేరు.

ఆమె కాగితం వెనక్కి తిప్పి, మిషను మీద పెట్టుకుని రాసింది. సోమవారం సాయంత్రం రిలీవ్ అయ్యాను. బుధవారం తాళాలు అడిగితే ఇవ్వలేదు. గురువారం నేను బందరులో ఉన్నాను, ఇక్కడికి వస్తానని ఎవరికీ చెప్పలేదు. ఇవాళ తాళం పగలగొట్టించింది నేనే. సంతకం పెట్టి ఫోన్లో ఫొటో తీసుకుని కాగితం అతనికిచ్చింది.

"దీంతో మీకే నష్టం" అన్నాడు కిరణ్ కుమార్.

"తాళం వెయ్యకండి. రేపు పొద్దున శ్రీకృష్ణకి ఇంకో రెండు గంటలు కావాలి" అని చేతులు కడుక్కుని బయటికొచ్చింది.

హైమావతి ఇంటి ముందు పాడె కట్టి ఉంది. పొద్దు వాలుతోంది, ఇంకెంతసేపని బంధువులు గొణుగుతున్నారు. వీధి మలుపులో ఎస్తేరు ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి వీధి వైపే చూస్తున్న చిన్నారావు ఎదురొచ్చాడు.

"వాళ్లిద్దరూ?"

ఆమె తలూపింది.

చిన్నారావు వెనక్కి తిరిగి, పాడె మోయడానికి భుజాలు సర్దుకుంటున్నవాళ్లకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం ఆగండి. మా ఆవిడ ఎదురుచూసిన మనిషి వచ్చింది. లోపలికెళ్లి చూడనివ్వండి."